ప్లాంటేషన్ పెళ్లి, పాత చాపెల్: ఇటుక గదుల ముందు ఫోటో అడుగుతున్నారు, ఏం చెప్పాలి?

రెండోకెమెరా:

అందరికీ నమస్కారం. నేను అట్లాంటాలో ఉంటాను. ఐదేళ్లుగా వారాంతాల్లో వేరే ఫోటోగ్రాఫర్ల దగ్గర రెండో కెమెరాగా పెళ్లిళ్లు తీస్తున్నాను. ఇప్పుడు మొదటిసారి ఒక పెళ్లి మొత్తం నా చేతికి వచ్చింది. సౌత్ కరోలినాలో, చార్లెస్టన్‌కి కొంచెం దూరంలో. పెళ్లికూతురు నా పాత ఆఫీసులో కలిసి పనిచేసిన అమ్మాయి. నన్ను నమ్మి ఇచ్చింది కాబట్టే టెన్షన్ ఎక్కువగా ఉంది.

పెళ్లి నవంబర్ రెండో శనివారం సాయంత్రం 4 గంటలకి, 18వ శతాబ్దంలో కట్టిన ఒక చిన్న ఇటుక చాపెల్‌లో, అంటే చిన్న చర్చిలో. వాళ్ల అమ్మమ్మ, తాతయ్యల పెళ్లి కూడా అక్కడే జరిగిందట. అది అయ్యాక, కారులో పది నిమిషాల దూరంలో ఉన్న ప్లాంటేషన్‌లో (ఒకప్పుడు బానిసలతో సాగు చేయించిన పెద్ద తోట) ఫోటోలు, విందు. అక్టోబర్ మొదట్లో వెళ్లి రెండు చోట్లూ చూసి వచ్చాను. పోర్ట్రెయిట్లకి 5:15 నుంచి 6:15 దాకా గంట పెట్టుకున్నాను. నేను వెళ్లిన రోజు ఆ వేళకి ఓక్ చెట్ల కింద వెలుతురు బంగారంలా ఉంది.

చాపెల్ లోపల చీకటి. రెండు పక్కలా పొడుగాటి కిటికీలు, మామూలు గాజు. ఫ్లాష్ వాడకూడదు, ప్రార్థన మొదలయ్యాక చివరి వరస దాటి ముందుకి రాకూడదు, కావాలంటే బాల్కనీ ఎక్కి తీసుకోవచ్చు అని ప్రీస్ట్ గారు చెప్పారు. కూర్చునే వరసలు మామూలు బెంచీల్లా లేవు. నడుము ఎత్తు చెక్క గోడలు, చిన్న తలుపులు ఉన్న పెట్టెల్లా ఉన్నాయి. మధ్య దారిలో ఇద్దరు పక్కపక్కన నడిస్తేనే భుజాలు తగులుతాయి. నా దగ్గర రెండు కెమెరా బాడీలు, 35, 85, అద్దెకి తెచ్చుకునే 70-200 లెన్సులు ఉంటాయి. సరిపోతాయా?

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. పెళ్లికూతురు పంపిన ఫోటోల జాబితాలో ఏడోది: ఇటుక గదుల ముందు బ్రైడ్స్‌మెయిడ్స్ (పెళ్లికూతురి పక్కన నిలబడే స్నేహితురాళ్లు) అందరితో. ఆ గదులు ప్లాంటేషన్‌లో బానిసలుగా ఉంచిన మనుషులు బతికిన ఇళ్లు. వాటి ముందు ఒక బోర్డు ఉంది. ఒకప్పుడు ఆ తోట యజమాని చనిపోయాక రాసిన ఆస్తి జాబితా అది. పేరు, వయసు, ధర. ఇంటిపేర్లు లేవు. రెండేళ్ల పాప పక్కన కూడా ధర రాసి ఉంది. వెలుతురు చూద్దామని మూడు టెస్ట్ షాట్లు తీశాక ఆ బోర్డు చదివాను. ఆ తర్వాత కెమెరా ఎత్తలేకపోయాను.

బ్రైడ్స్‌మెయిడ్స్ ఆరుగురిలో ఇద్దరు నల్లజాతి అమ్మాయిలు. ఒకమ్మాయి పెళ్లికూతురి కాలేజీ రూమ్మేట్. పెళ్లికూతురు చెడ్డది కాదు, ఆ ఇటుక రంగు బాగుందని మాత్రమే అడిగింది, అది నాకు తెలుసు. కానీ నేను ఈ దేశానికి వచ్చి తొమ్మిదేళ్లే అయింది. వాళ్ల నేల గురించి, వాళ్ల చరిత్ర గురించి వాళ్లకి చెప్పడానికి నాకేం హక్కు ఉంది అనిపిస్తోంది. అడ్వాన్స్ తీసుకున్నాను, కాంట్రాక్ట్ మీద సంతకం అయిపోయింది. ఎవరైనా అక్కడ తీసినవాళ్లు ఉంటే చెప్పండి.

పాతలెన్స్:

అమ్మా, ముందు గడియారం సంగతి చూడండి, అది చాలా ముఖ్యం. నవంబర్ మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. మీరు చూసి వచ్చిన అక్టోబర్ మొదట్లో సూర్యాస్తమయం 7 గంటల ప్రాంతంలో. మీ పెళ్లి రోజున 5:20కే అయిపోతుంది. మీరు 5:15కి మొదలుపెడదాం అనుకున్న గంట మొత్తం చీకట్లో గడుస్తుంది. ఈ రాత్రే పెళ్లికూతురికి ఫోన్ చేసి కొత్త టైమ్‌లైన్ వేసుకోండి. పెళ్లి 4:30కి అయిపోయినా పది నిమిషాల కారు ప్రయాణం, దిగి గౌను సర్దుకోవడం పోగా మీకు మిగిలేది పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. ఆహ్వానాలు పంచేసి ఉంటారు కాబట్టి ముహూర్తం మారదు. బ్రైడ్స్‌మెయిడ్స్ ఫోటోలు, పెళ్లికూతురు ఒక్కతే ఉండే ఫోటోలు 2 గంటలకే ముగించండి. కుటుంబాల గ్రూప్ ఫోటోలు చాపెల్ గుమ్మం దగ్గరే తీసేయండి. చెట్ల కింద ఆ ఇద్దరికి మాత్రమే టైమ్ ఉంచండి.

నేను చార్లెస్టన్ పక్కనే పద్నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. చాపెల్ గురించి చెప్తాను. ఈ పాత ఆంగ్లికన్ గుళ్లలో చాలావాటికి ఆల్టర్ (ప్రార్థన పీఠం) తూర్పు వైపు, పెద్ద తలుపు పడమర వైపు ఉంటాయి. మీదీ అలాగే ఉందో లేదో ఫోన్‌లో దిక్సూచి పెట్టి చూసుకోండి. నవంబర్‌లో 4 గంటలకి సూర్యుడు నైరుతిలో బాగా కిందికి దిగి ఉంటాడు. పెళ్లికూతురు లోపలికి వచ్చేటప్పుడు తలుపు తెరిచి ఉంటుంది, ఆమె వెనక వెలుగు మండిపోతుంటుంది, ముఖం నల్లగా పడుతుంది. ఆమె నాలుగడుగులు వేశాక ఎవరో తలుపు మూసేస్తారు. ఆ క్షణంలో లోపల వెలుతురు రెండు స్టాపులు, అంటే నాలుగో వంతుకి పడిపోతుంది. మొదటిసారి నేను ఇక్కడే దెబ్బతిన్నాను, నడిచి వచ్చిన ఫోటోలన్నీ నల్లగా వచ్చాయి. తలుపు ఎవరు మూస్తారో కనుక్కుని, ఆ మనిషితో ముందే మాట్లాడండి. ఆమె ఆల్టర్ చేరేదాకా తెరిచి ఉంచమంటే సంతోషంగా ఉంచుతారు.

ప్రమాణాలు చేసేటప్పుడు ఇద్దరూ ఒకరికొకరు ఎదురుగా తిరుగుతారు. అంటే ఒకరి ముఖం దక్షిణం కిటికీ వైపు, ఇంకొకరిది ఉత్తరం వైపు. దక్షిణం వైపు ఉన్న ముఖానికి వెలుతురు బాగా ఎక్కువ. ఎక్స్‌పోజర్ ఆ ముఖానికి పెట్టుకోండి, రెండోది తర్వాత కొద్దిగా పైకి లాగొచ్చు. ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 5000, 6400 అంటే భయపడకండి. 70-200ని ఎఫ్ 2.8 దగ్గర, షట్టర్‌ని 1/200 దగ్గర పెట్టుకుంటే బాల్కనీ నుంచి పని జరుగుతుంది. ఆ బాల్కనీ చెక్కది, మీ పక్కన ఎవరు నడిచినా ఊగుతుంది, కాబట్టి ట్రైపాడ్‌ని నమ్ముకోవద్దు. సైలెంట్ షట్టర్ వాడేముందు లోపలి బల్బులు ఎల్‌ఈడీలా కాదా చూడండి. ఎల్‌ఈడీ అయితే ఫోటోలో అడ్డంగా చారలు పడొచ్చు. రిహార్సల్ రోజు ఒక పది ఫోటోలు తీసి, పెద్దది చేసి చూస్తే తెలిసిపోతుంది. దీపాలు పసుపు, కిటికీ వెలుతురు నీలం, రెండూ ఒకే చెంప మీద కలుస్తాయి. ఆటో వైట్ బ్యాలెన్స్ ప్రతి ఫోటోకీ ఒక్కో రంగు ఇస్తుంది. 4000 కెల్విన్ దగ్గర స్థిరంగా పెట్టేసుకోండి. రబ్బరు అడుగు ఉన్న బూట్లు వేసుకోండి, ఆ చెక్క నేల ప్రతి అడుగుకీ కిర్రుమంటుంది.

ఇప్పుడు ఏడో నంబర్ సంగతి.

2016లో నేను సరిగ్గా ఆ ఫోటోనే తీశాను. ఏ తోటో రాయను. పెళ్లికొడుకుని, అతని స్నేహితులని ఇటుక గది గోడకి ఆనుకుని నిలబెట్టాను, చేతిలో గ్లాసులు. ఎర్రటి ఇటుక, నీలం సూట్లు, చాలా బాగా వచ్చిందని సంబరపడ్డాను. వారం తర్వాత ఎడిట్ చేస్తూ ఫోకస్ చూద్దామని పెళ్లికొడుకు భుజం దగ్గర పెద్దది చేశాను. అతని చొక్కా పక్కన ఉన్న ఇటుకలో మూడు వేళ్ల గుర్తులు కనిపించాయి. తడి మట్టిలో నొక్కుకుపోయి, కాలిపోయి, అలాగే ఉండిపోయిన వేళ్లు. నా చిటికెన వేలికన్నా చిన్నవి.

చార్లెస్టన్ చుట్టుపక్కల పాత ఇటుకల్లో ఇవి చాలాచోట్ల కనిపిస్తాయి. ఇటుకలు చేసినవాళ్లు బానిసలు, అందులో పిల్లలూ ఉన్నారు. అచ్చులోంచి తీసిన పచ్చి ఇటుకని ఎండలో తిప్పేటప్పుడు వేళ్లు దిగబడేవి. ఆ సంగతి నాకు అప్పటికే తెలుసు, టూర్‌లో రెండుసార్లు విన్నాను. తెలిసీ ఆ గోడని ఒక రంగుగా మాత్రమే చూశాను. ఆ ఫోటో వాళ్లకి ఇవ్వలేదు. ఫోన్ చేసి ఎందుకు ఇవ్వడం లేదో చెప్పాను. పెళ్లికొడుకు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ ఇటుక ఒక్కటే కనపడేలా కత్తిరించి పంపమన్నాడు.

మీకు హక్కు ఉందా అని అడిగారు. కెమెరా మీ చేతిలో ఉంది, ఫ్రేమ్‌లో ఏముందో మీరు చదివి వచ్చారు. అంతకన్నా ఇంకేం కావాలి? ఆమెతో ఫోన్‌లో మాట్లాడండి, మెసేజ్ పెట్టవద్దు. మీరు చూసిన బోర్డు గురించి చెప్పండి. రెండేళ్ల పాప గురించి చెప్పండి. "అక్కడ అందరినీ నవ్వమని నేను అడగలేను. నీ స్నేహితురాలిని ఆ గుమ్మంలో నిలబెట్టలేను. నీకు ఇంకో మంచి చోటు చూశాను" అనండి. చరిత్ర పాఠంలా మొదలుపెడితే ఆమె తనని తాను కాపాడుకోవడంలో పడిపోతుంది. మీరు ఏం చూశారో అది చెబితే ఆమె కూడా చూస్తుంది.

నీలితెర:

నేను ఒప్పుకోను. క్షమించాలి, కోపంతో కాదు, బాధతో రాస్తున్నాను. గదుల ముందు తీయకపోతే సరిపోతుందా? ఆ ఓక్ చెట్ల బాట ఎవరు వేశారు? ఆ తోట గోడ ఇటుకలు ఎవరు చేశారు? గది ముందు వద్దని చెట్టు కింద నిలబెట్టడం నాకు మనసుకి సర్దిచెప్పుకోవడంలా ఉంటుంది. 2019 డిసెంబర్‌లో కలర్ ఆఫ్ చేంజ్ అనే పౌరహక్కుల సంస్థ అడిగాక, పెళ్లి ఏర్పాట్లకి జనం చూసే పింటరెస్ట్, ద నాట్ లాంటి పెద్ద వెబ్‌సైట్లే ప్లాంటేషన్లని కలల లోకంలా చూపించడం తగ్గిస్తామని చెప్పాయి. ఆ తర్వాత నేను కూడా అక్కడి పెళ్లిళ్లు ఒప్పుకోవడం మానేశాను. ఏడాదికి మూడు, నాలుగు పోయాయి. అయినా సరే.

లూసియానాలో విట్నీ ప్లాంటేషన్ ఉంది. 2014లో మ్యూజియంగా తెరిచారు, బానిసలుగా బతికినవాళ్ల కథే చెప్తారు, పెళ్లిళ్లకి ఇవ్వరు. ఒకసారి అక్కడ నడిచి వస్తే ఇంకో ప్లాంటేషన్‌లో పూలమాలలు చూడటం చాలా కష్టం.

రెండోకెమెరా గారూ, మీరు సంతకం చేసేశారు కాబట్టి ఈ పెళ్లి వదిలేయమని అనను. మాట ఇచ్చాక పెళ్లికి నెల ముందు వదిలేస్తే ఆ అమ్మాయి ఎక్కడికి వెళ్తుంది? కానీ వచ్చే కాంట్రాక్ట్‌లో ఒక వాక్యం పెట్టుకోండి: బానిసల ఇళ్లు, సమాధులు నేపథ్యంగా ఫోటోలు తీయబడవు అని. ముందే రాసి ఉంటే తర్వాత ఇంత నలిగిపోరు.

పాతలెన్స్:

నీలితెర గారి మాట తప్పని నేను అనలేను. ఆ చెట్ల గురించి నేనూ చాలాసార్లు ఆలోచించాను. ఇక్కడికి దగ్గర్లో ఉన్న బూన్ హాల్ ప్లాంటేషన్‌కి వెళ్లిన జంటలు ఆ పెద్ద తెల్ల స్తంభాల ఇంటిని చూసి రెండు వందల ఏళ్లనాటిదని మురిసిపోతారు. ఆ ఇల్లు 1936లో కట్టింది. అక్కడ నిజంగా పాతవి ఏవంటే 1743లో నాటిన ఓక్ చెట్లు, వరసగా నిలబడి ఉన్న తొమ్మిది ఇటుక గదులు. ఆ గదులు ఇంటికన్నా వందేళ్లకు పైగా పాతవి. అంటే మనం పాతదనం కోసం వెళ్లి, ఆ పాతదనాన్ని మోసినవాళ్లని ఫ్రేమ్‌లోంచి తీసేస్తున్నాం. నేను ఇంకా ఈ పెళ్లిళ్లు ఒప్పుకుంటున్నాను, కానీ బుకింగ్ రోజునే జంటని ఆ గదుల టూర్‌కి తీసుకెళ్తాను. ఇద్దరు ముగ్గురు ఆ టూర్ అయ్యాక వేదిక మార్చుకున్నారు. మార్చుకోనివాళ్లు కూడా ఇటుక గోడ ముందు ఫోటో అడగలేదు.

వరిమడి:

నేను ఫోటోగ్రాఫర్‌ని కాదు. మౌంట్ ప్లెజెంట్‌లో ఉంటాను, ఈ చోట్లన్నీ తిరగడం అలవాటు. ఇక్కడ అందరూ వెలుతురు గురించి రాస్తున్నారు, నేను వరి గురించి రాస్తాను.

మీ ప్లాంటేషన్ వెనక నది ఒడ్డున చదునైన చిత్తడి, మధ్యలో తిన్నని గట్లు కనిపిస్తే, అవి వరి మళ్లు. మన కళ్లకి వెంటనే తెలుస్తుంది, అమెరికన్ అతిథులకి తెలియదు. సముద్రం పోటు వచ్చినప్పుడు అది నదిలోని మంచినీళ్లని వెనక్కి, పైకి నెడుతుంది. అప్పుడు తూము ఎత్తి మడిలోకి నీళ్లు పెట్టేవాళ్లు, ఆటు వచ్చినప్పుడు వదిలేసేవాళ్లు. ఇక్కడ దాన్ని ట్రంక్ అంటారు, కానీ అది మన తూమే. ఆ గట్లన్నీ పారలతో, మోకాలిలోతు బురదలో, పాముల మధ్య, మలేరియా దోమల మధ్య బానిసలు వేసినవి. పశ్చిమ ఆఫ్రికాలో సెనెగల్, గాంబియా, సియెర్రా లియోన్ వైపు తరతరాలుగా వరి పండించిన మనుషులని ఓడల్లో తెచ్చారు. వాళ్ల చేతుల్లో ఉన్న విద్యతోనే ఈ తోటల యజమానులు కోటీశ్వరులయ్యారు. వడ్లు చెక్క రోట్లో రోకలితో దంచేవాళ్లు, వెడల్పాటి గడ్డి బుట్టలో చెరిగేవాళ్లు. మౌంట్ ప్లెజెంట్‌లో 17వ నంబర్ హైవే పక్కన గల్లా ఆడవాళ్లు (ఆ బానిసల వారసులు) స్వీట్‌గ్రాస్ అనే గడ్డి బుట్టలు ఇప్పటికీ అల్లి అమ్ముతారు. అందులో చేట లాంటిది ఒకటి ఉంటుంది. మొదటిసారి దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు మా ఇంట్లో బియ్యం చెరిగిన చేతులు గుర్తొచ్చి మాట రాలేదు. ఆ రోజు నుంచి ఈ చోట్లు నాకు పరాయి చరిత్ర కావు.

చాపెల్ గురించి ఒక మాట. పెద్ద పారిష్ చర్చి దూరమైనప్పుడు తోటల యజమానులు దగ్గర్లో కట్టుకున్న చిన్న గుళ్లని చాపెల్ ఆఫ్ ఈజ్ అనేవాళ్లు. స్ట్రాబెర్రీ చాపెల్ అలాంటిదే, 1725 నాటిది. సెయింట్ హెలీనా ద్వీపంలో ఉన్నది 1886లో అడవి మంటల్లో కాలిపోయింది, ఆల్చిప్పలు, సున్నం, ఇసుక కలిపి పోసిన గోడలే మిగిలాయి. మిడిల్టన్ ప్లేస్ అనే ప్లాంటేషన్‌లో మాత్రం ఊట మీద కట్టిన చిన్న ఇంటి పైఅంతస్తులో బానిసల కోసం వేరే చాపెల్ ఉంది. కిందేమో పాలు, వెన్న చల్లగా ఉంచుకునే గది, పైన వాళ్ల ప్రార్థన.

రెండోకెమెరా గారూ, మిమ్మల్ని బాల్కనీ ఎక్కి తీసుకోమన్నారని రాశారు. అమెరికా దక్షిణాదిలో ఆ కాలపు గుళ్లలో చాలాచోట్ల బానిసలని కూర్చోబెట్టింది ఆ బాల్కనీలోనే. కింద పెట్టెల్లాంటి వరసలు యజమానుల కుటుంబాలకి, పైన బల్లలు వీళ్లకి. మీ చాపెల్‌లో కూడా అంతేనా అని ప్రీస్ట్ గారిని అడగండి. చాలామంది నిజాయితీగా చెప్తారు.

రెండోకెమెరా:

గడియారం సంగతి చదివి చేతులు చల్లబడ్డాయి. పాతలెన్స్ గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. రాత్రే ఫోన్ చేశాను. టైమ్‌లైన్ మార్చాం. ఏడో నంబర్ గురించి ఆదివారం కలిసి మాట్లాడతానని చెప్పాను.

ఒక చిన్న సందేహం. తెల్ల గౌను, పక్కన బాగా నల్లటి చర్మం ఉన్న ఇద్దరు అమ్మాయిలు, వెనక నీడ. ఇదివరకు నేను పనిచేసిన చోట గౌనుకి ఎక్స్‌పోజ్ చేసి, నల్లటి ముఖాలని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో పైకి లాగేవాళ్లు. ఆ ముఖాలు బూడిద రంగులో, గరుకుగా వచ్చేవి. నాకు అది ఎప్పుడూ తప్పుగానే అనిపించేది. చెట్ల కింద ఏం చేయాలి?

పాతలెన్స్:

తప్పే. ముఖానికి వెలుతురు అక్కడే ఇవ్వాలి, ఇంటికి వచ్చాక కాదు. అందరినీ చెట్టు నీడ అంచుకి తీసుకురండి, ముఖాలు తెరిచిన ఆకాశం వైపు ఉండాలి. పెద్ద సాఫ్ట్‌బాక్స్ (మెత్తటి వెలుతురు ఇచ్చే లైట్) ఒకటి ఆ ఇద్దరు అమ్మాయిల వైపు పెట్టండి, పెళ్లికూతురి వైపు కాదు. తెల్ల గౌను తన వెలుతురు తనే తెచ్చుకుంటుంది. హిస్టోగ్రామ్‌లో (కెమెరా చూపించే వెలుతురు గ్రాఫ్) గౌను కుడి గోడకి తగలకుండా ఆగిందా లేదా చూసుకోండి, అంతే. నల్లటి చర్మం మీద మెరుపు అందం, దాన్ని తుడిచేయకండి. మెరుపు చెంప ఎముక మీద పడేలా లైట్ కొంచెం పక్కకి జరపండి. రెడీమేడ్ ప్రీసెట్లు ఆ చర్మాన్ని నారింజ రంగు చేసేస్తాయి, వాటి జోలికి పోవద్దు.

గడ్డి నుంచి గడ్డం కింద ఆకుపచ్చ ఛాయ వస్తుంది. ఇసుక బాట మీద నిలబెడితే సగం పోతుంది, మిగతాది టింట్‌ని కొద్దిగా మెజెంటా వైపు జరిపి సరిచేయొచ్చు. మోకాళ్ల మీద కూర్చునేముందు నేల చూసుకోండి, ఫైర్ యాంట్స్ పుట్టలు ఇసుకలో కలిసిపోయి ఉంటాయి. కుడితే వారం రోజులు బాధ. చెట్లకి వేలాడే స్పానిష్ మాస్‌ని పెళ్లికూతురి జడలో పెట్టనివ్వకండి, ఎవరో ఒకరు సరదా పడతారు, అందులో పురుగులుంటాయి. పేరులో మాస్ ఉన్నా అది నాచు కాదు, అనాసపండు కుటుంబంలోని మొక్క. కొమ్మలు నేలని తాకేంత కిందికి ఉంటాయి కానీ ఎవరినీ ఎక్కి కూర్చోనివ్వకండి. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ వేదికవాళ్లకి ముందే పంపారా? చాలాచోట్ల పది లక్షల డాలర్ల లయబిలిటీ అడుగుతారు, పెళ్లి రోజు గేటు దగ్గర ఆపేస్తే ఏడవాలి.

రెండోకెమెరా:

పెళ్లి అయిపోయింది. రెండు వారాలు రాయలేకపోయాను, ఎడిటింగ్‌లో మునిగి ఉన్నాను.

ముందు ఆదివారం సంగతి. పెళ్లికూతురిని కాఫీకి పిలిచి, బోర్డు ఫోటో చూపించాను. ఏమీ వ్యాఖ్యానం చేయలేదు, చదవమన్నాను. రెండేళ్ల పాప దగ్గరికి వచ్చేసరికి ఆమె కళ్లు ఆగిపోయాయి. ఆ ప్లాంటేషన్‌కి చిన్నప్పటి నుంచి వెళ్తున్నానని, ఆ బోర్డు పక్క నుంచి ఎన్నోసార్లు నడిచానని, ఎప్పుడూ ఆగి చదవలేదని చెప్పింది. ఏడ్చింది. ఆ రాత్రే తన రూమ్మేట్‌కి ఫోన్ చేసిందట. ఆ అమ్మాయి ఏమందో నాకు పూర్తిగా తెలియదు. పెళ్లికి రావడానికి ఒప్పుకున్న రోజు నుంచి ఆ గదుల గురించి ఎవరైనా మాట్లాడతారా అని ఎదురుచూస్తున్నానని మాత్రం అందట. అది విన్నాక నేను ఆ మాట ఎత్తనా వద్దా అని అన్ని రోజులు నలిగినందుకు సిగ్గేసింది.

ఏడో నంబర్ జాబితాలోంచి పోయింది. బ్రైడ్స్‌మెయిడ్స్ ఫోటోలు మధ్యాహ్నం 2 గంటలకి చాపెల్ పక్కన ఉన్న ఇసుక బాట మీద తీశాను. సాఫ్ట్‌బాక్స్ పాతలెన్స్ గారు చెప్పినట్టే పెట్టాను. రూమ్మేట్ తన ఫోటో కెమెరా వెనక చూసి, చాలా పెళ్లిళ్లలో తను నీడలా పడుతుందని, ఇందులో తనలా ఉన్నానని అంది. ఈ పనిలో నేను విన్న అన్ని మాటల్లోకీ నాకు అది ఎక్కువ.

తలుపు దగ్గర పెళ్లికొడుకు బాబాయి నిలబడ్డాడు. ఆమె ఆల్టర్ చేరేదాకా తెరిచే ఉంచాడు. గౌను అంచు మీద వెలుగు పడి, ముఖం మీద దక్షిణం కిటికీ వెలుతురు పడి, ఐదు ఫోటోలు నేను ఊహించుకున్నట్టే వచ్చాయి. రిహార్సల్‌లో చూస్తే బల్బులు ఎల్‌ఈడీలే, చారలు పడ్డాయి. అందుకే మామూలు షట్టరే వాడాను, ప్రార్థన జరుగుతున్నప్పుడు చాలా తక్కువ తీశాను. మొత్తం పెళ్లి తంతుకి 140 ఫోటోలే. ఇంతకుముందు అయితే ఆ అరగంటకి 600 తీసేదాన్ని.

ప్రీస్ట్ గారిని బాల్కనీ గురించి అడిగాను. అవునన్నారు. మెట్లు ఎక్కుతుంటే ఒకచోట ఆపి, రెయిలింగ్ లోపలి వైపు చూపించారు. చెక్క మీద ఒకే ఎత్తులో పొడుగ్గా నున్నగా అరిగిన గుంటలు ఉన్నాయి. వందల మంది చేతులు ఆనించి కూర్చున్న చోటు. నేను 70-200 ఆనించి తీసింది ఆ రెయిలింగ్ మీదనుంచే. పెళ్లి మొదలవకముందు ఆ రెయిలింగ్‌ని, కింద ఖాళీగా ఉన్న వరసలని కలిపి ఒక ఫోటో తీశాను. కిటికీ వెలుతురు అరిగిన చోట్ల మీద పడుతోంది.

చెట్ల కింద మాకు దొరికింది సరిగ్గా పద్దెనిమిది నిమిషాలు. 5:22కి వెలుతురు అయిపోయింది. ఆ ఇద్దరూ నడుస్తూ మాట్లాడుకుంటున్న ఫోటోలే బాగున్నాయి, నిలబెట్టినవి అంత బాగా రాలేదు. రెండు చోట్ల ఆకుపచ్చ ఛాయ ఇంకా పోవడం లేదు, మెడ దగ్గర. పాతలెన్స్ గారూ, ఆ రెండు ఫైళ్లు మీకు పంపనా?

నీలితెర గారూ, మీ వాక్యం నా కాంట్రాక్ట్‌లో చేర్చాను. అక్కడ ఇంకో పెళ్లి ఒప్పుకుంటానా అంటే ఇంకా నిర్ణయించుకోలేదు. వచ్చే ఏప్రిల్‌కి ఒకరు అడుగుతున్నారు.

వరిమడి గారూ, తిరిగి వచ్చేటప్పుడు 17వ హైవే మీద ఆగాను. ఒక పెద్దావిడ దగ్గర వెడల్పాటి బుట్ట తీసుకున్నాను. ఎలా పట్టుకోవాలో ఆవిడ చూపించబోయింది, నేను పట్టుకున్న తీరు చూసి ఆగిపోయి, నీకు తెలుసే అంది. పెళ్లికూతురు ఆల్బమ్‌కి ఫోటోలు ఎంచుకుని నిన్న పంపింది. మొదటి పేజీకి ఆ రెయిలింగ్ ఫోటో అడిగింది.